పెళ్లికొడుకు మంచు

పక్క లోయ నుంచి నడిచొచ్చిన మనిషి వీపున బుట్ట ఉంది. అందులో గడ్డి చుట్టిన మగ మంచు. దాన్ని ఆడ మంచుతో కలిపి కొండమీద పూడిస్తే కొత్త హిమానీనదం పుడుతుందని ఆ కొండల్లో నమ్మకం. అంతవరకూ బుట్ట నేలకు ఆనకూడదు. పెద్ద హిమానీనదం కింద ఉన్న ఊరికి చేరి, మంచు అంచుదాకా ఎక్కేసరికి ఆ ఊరిపెద్ద ఎదురయ్యాడు.

"పిల్లనడగడానికొచ్చాను, పెద్దాయనా. మీ ఆడ మంచు ఒక్క గంపెడు చాలు."

"మీ వాగు ఎండిందా?"

"ఆప్రికాట్ చెట్లు కూడా ఎండాయి. ఇంకో ఏడాది ఇట్లాగే ఉంటే ఊరు వదలాల్సిందే."

"మా తాతలైతే అడిగినంత తవ్వి ఇచ్చేవాళ్లు."

"మీరూ ఇవ్వండి."

"ఎక్కడిది నాయనా? నా చిన్నప్పుడు ఈ మంచు మా మసీదు గోడ దాకా ఉండేది. ఇప్పుడెక్కడికి పోయిందో చూడు. ఉన్నదీ పంచేస్తే మేమేం తాగాలి?"

"అయితే కాదంటారా?"

"కాదనడానికీ నోరు రావట్లేదు. బుట్ట దించి కూర్చో, ఉప్పు చాయ్ తాగుదువు."

"దించకూడదు కదా."

"మర్చేపోయాను. పిల్లనడగడానికి ఎవరూ రాక ఏళ్లయింది. నిలబడే తాగు. సాయంత్రం నలుగురినీ పిలిచి మాట్లాడతాను."

"తొందరగా తేల్చండి. వీపంతా తడిసిపోయింది."

"ఎక్కొచ్చావు కదా, చెమట."

"చెమట ఇంత చల్లగా ఉంటుందా, పెద్దాయనా?"