నాలుగో నంబరు

ఈ ఏటి పెద్ద సినిమా అవార్డుకు పోటీలో నిలిచిన ఐదు చిత్రాలకు వరుస నంబర్లు వేసి, ఆ వ్యాసం సాయంత్రంలోగా కరీంనగర్ పత్రికకు పంపాలి. సినిమా సమీక్షలు రాసే ఆమె ఆ వ్యాసం పూర్తిచేసింది గానీ, పంపే ధైర్యమే రాలేదు. వాటిలో ఒకటి వాళ్ళ ఊళ్ళోనే తీశారు. అందులో సమాధి దగ్గర ఏడ్చే వేషం వేసింది ఆమె తల్లే; ఇప్పుడు ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

“మనదానికి ఎన్నో నంబరు వెట్టినవ్ బిడ్డా?”

“నాలుగు, అవ్వా.”

“ఐదింట్ల నాలుగా? ఆదివారం చర్చిల ప్రార్థన అయినంక అయ్యగారు గా పేపరు అందరికి సదివి వినిపిస్తడు. సంఘమంత గా సిన్మల ఉన్నరాయె.”

“నా ఫికర్ గదే.”

“నా ఏడుపు మంచిగ లేదా?”

“మంచిగనే ఉన్నది. గని బొందకాడ మనం గట్ల రొమ్ము గుద్దుకుంటమా? బాపును మట్టిల వెట్టిననాడు నువ్వేం జేసినవ్?”

“పాట ఎత్తుకున్న.”

“గొంతు వోయేదాక పాడినవ్. నేను నీ చెయ్యి వట్టుకొనే ఉన్న.”

తల్లి ఈనె తీసిన కాయను గిన్నెలో వేసింది.

“గా డైరెక్టరుకు జెప్పిన బిడ్డా, మేం ఏడ్వం, పాడుతం అని. పాడితే చూసెటోళ్ళు ఏడ్వరమ్మా అన్నడు. అందరికి బిర్యాని వెట్టిండు. ఇగ ఎదురు జెప్పబుద్ధి కాలే.”

“మరి మూడు వెట్టనా?”

“వద్దు. నేను గట్టిగ అననిది నువ్వన్న రాయి. నాలుగే ఉండనియ్.”

గిన్నె పక్కకు జరిపి అంది.

“ఆదివారం అయ్యగారు సదివినంతసేపు మాత్రం నా పక్కనుంచి లేవకు.”