ఆరు బొంబాయిల దూరం

ఏమంటివి, కైరోకు ఇన్ని గంటలే అని ఆ విమానం టికెట్టు కాగితంలో ఏసుండాదా? మడిచిపెట్టప్పా. ఆ లెక్క రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడే బెంగళూరు కబ్బన్‌పేటలో ఒకాయన ఏసినాడు, మా ఆదినారాయణప్ప మామ. మూడు పట్టుమగ్గాలుండె ఆయనకు. ఒకదాంట్లో నేను నేస్తా ఉంటి. నేసేదంటే, నేను పోగు తెంపేది, ఆయనొచ్చి ముడేసేది. ఆయన అక్క కదిరమ్మ, పేటకంతా అత్త, ఆ ఇంట్లోనే ఉండె. ఆమె కొడుకు పాపయ్య మిలిటరీలో మోటార్లు రిపేరు చేస్తా కైరోలో ఉండె. ఒక సోమవారం పొద్దున టెలిగ్రాం వచ్చె, ఈ దినమే విమానమెక్కుతా ఉండానని. అత్త ముద్ద కలిపిన చెయ్యి కడిగేసె! "ఆకాశంలో నా బిడ్డకు సంగటి ఎవురు పెడ్తారురా? వాడు పస్తుంటే నాకెట్ల దిగుతుంది? వచ్చినంక ఇద్దరం తింటాం" అనె. అరవై దాటిన మనిషి.

మామ ఊరుకుంటాడా? "ఎంతసేపులే అక్కా, లెక్కేసి చెప్తా" అని బడికి పోయి, గ్లోబు మీద గంజి పట్టించిన పోగు పరిచె. గంజిపోగు సాగదు, అబద్ధం చెప్పదు అని ఆయన నమ్మకం. బెంగళూరు నుంచి బొంబాయికి ఎంతో అంత తుంచి, దాంతో కైరో దాకా కొలిచె. "ఆరు బొంబాయిలురా! ఒకటికి ఐదునూర్లు, మూడువేల మైళ్ళు. గంటకు నూటయాభై, ఇరవై గంటలు. రేపు మధ్యాహ్నానికి మనోడు ఆకు ముందర కూర్చుంటాడు!" లెక్క సరిచూసింది ఎవురనుకుంటివి? నేనే. నాలుగో క్లాసు రెండుసార్లు చదివినోణ్ణి గదా, పేటలో నా గుణకారానికి మర్యాద అట్లుండె.

మంగళవారం మధ్యాహ్నమాయె, పొద్దుగూకె, పాపయ్య రాలే. "ఏమాయెరా ఆదీ?" అంటే "గాలి ఎదురైంటుందక్కా" అనె మామ. బుధవారం పొద్దున బిందె దించబోయి అత్త గోడ పట్టుకునె. నాకూ ఆకలి చచ్చిపోయె. ఊఁ, నీతో అబద్ధమెందుకు, వీధి చివర హోటల్లో రెండు దోసెలు తినొచ్చి దిగులుపడితి.

మామ దండులో, అదే కంటోన్మెంటులో, విమానాల ఆఫీసుకు పరుగెత్తె, వెనకాల నేను. గుమాస్తా విని నవ్వె. "మైళ్ళు సరిగానే ఉండాయప్పా. పొద్దుగూకితే ఈ విమానం దిగిపోతుంది గదా! మొన్న రాత్రి బస్రా, నిన్న కరాచీ, ఈ రాత్రి బొంబాయి. పెద్ద హోటలు, కోడికూర, మెత్తని పరుపు. రేపొస్తాడు." మేము దీపం పెట్టుకొని రాత్రంతా నేసేవాళ్ళం, విమానమూ అట్లే అనుకుంటిమి! దోవలో నేనంటి, "మామా, ఇంకొక దినమంటే ఆమె తట్టుకోదు, దిగినాడు, దోవలో ఉండాడని చెప్పేద్దాం." వినలే. నేరుగా పోయి, "అక్కా, లెక్క తప్పింది నాది. వాడు రేపొస్తాడు. అయితే పస్తు లేడు, రాత్రిరాత్రికీ దిగి హోటల్లో తింటా ఉండాడు" అనె.

అత్త చాప మీద లేచి కూర్చునె. "ఏం తిన్నాడు?"

"కోడికూరంట."

"నేనిక్కడ నీళ్ళు తాగి పడుంటే వాడు కోడికూర తినెనా! రానీ చెప్తా! జయమ్మా, సంగటి కెలుకే!" జయమ్మంటే మామ పెండ్లాం. ఆకులేసె. అత్త రెండు ముద్దలు తిని తమ్ముణ్ణి చూసె. "నువ్వేందిరా అట్ల మింగుతా ఉండావు?"

"నిన్న మధ్యాహ్నం నుంచి ఆయనా ముట్టలే వదినా. తప్పుడు లెక్క నాది గదా అంటాడు" అనె జయమ్మ.

అత్త తన ఆకులో ముద్ద తీసి ఆయన ఆకులో పెట్టె. ఆపైన నన్ను చూసి, "వీడూ వాళ్ళ మామతోబాటు పస్తేమో పాపం, ఆకెయ్యి" అనె. కూర్చుంటి. ఆ దోసెల మీద మూడు ముద్దలు ఎట్ల దిగెనో నాకే తెలుసు... నీ కాఫీ చల్లారిపోయెనే, ఇంకోటి చెప్పుదునా అప్పా?