దాకలి మీద వజ్రం

ఏదీ, ఆ ఫోను ఇటు పట్టు. కొంచెం దూరంగా పెట్టరా, ముక్కు మీద పెడితే నాకేం కనపడుతుంది. ఊఁ. ఇదీ తళతళమంటోంది, అదీ తళతళమంటోంది. తేడా ఏమిటట? దీని లోపల మచ్చ లేదంటావా. కంటికి కనపడని మచ్చ ఉంటే ఏం, లేకపోతే ఏం. సరే, ఉంగరం పెట్టేవాడివి నువ్వు, మధ్యలో నాదేం పోయింది. ఇంతకీ ఆ అమ్మాయి పళ్ళ డాక్టరు కదూ. రోజంతా ఆ రబ్బరు తొడుగులు వేస్తూ తీస్తూ ఉంటుంది కదా. మరి ఇదేమిటి, మొనదేలి, నాలుగు కాళ్ళ బల్లలా ఇంత ఎత్తున నిలబడి ఉంది. తొడుగు చిరుగుతుంది, లేకపోతే రాయి ఊడుతుంది. నవ్వకు. మచ్చ లేని రాయి కోసం పెళ్ళే వాయిదా వేసుకుంటూ పోయినవాణ్ణి నేను చూశాను. మా పెదనాన్న అల్లుడు. అతని సంగతి చెప్పాలంటే ముందు పెదనాన్న సంగతి చెప్పాలి, లేకపోతే నీకు తలా తోకా తెలియదు. మీ అమ్మ పుట్టకముందే పోయాడు ఆయన.

పెదనాన్నది కొలిమి. ఇంటి ముందు భాగమంతా కొలిమే. గేట్లు, గడియలు, తలుపు బందులు చేసేవాడు. మా ఇల్లు గోడకవతల. పొద్దున్నే ఆయన సుత్తి మోగితేనే మాకు తెల్లవారినట్టు. ఆయనకో అలవాటుండేది. ఏ వస్తువైనా సరే కొట్టి, చెవి ఒగ్గి వినందే నమ్మేవాడు కాదు. కుండ కొనేటప్పుడు అందరం కొట్టి చూస్తాం, అది వేరు. ఆయన కుర్చీ కొన్నా కొట్టేవాడు. అద్దె ఇల్లు చూడ్డానికి వెళితే గోడలన్నీ మోగించేవాడు, ఇంటాయన గుడ్లప్పగించి చూసేవాడు. కొత్త గోడ గడియారం తెచ్చిన రోజున కూడా, సరేలే, ఆ గడియారం కథ వద్దు. మనుషులకూ మినహాయింపు లేదు. ఎవరొచ్చినా 'రావయ్యా' అంటూ వీపు మీద ఒక చరుపు చరిచేవాడు. ఆ చప్పుడును బట్టి వాడెలాంటివాడో తేల్చేసేవాడు. 'లోపల డొల్ల' అనేవాడు, ఒక్కోసారి వాడు గుమ్మం దాటకముందే. పెద్దమ్మ దెప్పేది, 'మరి పెళ్ళికి ముందు నన్ను మోగించి చూసుకోలేదేం?' అని. 'ఎందుకు, నువ్వు మీ వీధి మొదట్లోకే వినపడ్డావుగా' అనేవాడు.

వాళ్ళకు ఒక్కతే కూతురు, మా అక్క. నేను దాని తోకని. అక్క కొలిమిలోనే పెరిగింది, కొలిమిలోనే పని చేసేది. ఆకురాయి పట్టిందంటే ఎంత మొద్దుబారిన రంపానికైనా పళ్ళు మొలిపించేది. ఆకురాయంటే రాయి కాదురా, ఇనుమును అరగదీసే ఉక్కు ముక్క, ఒళ్ళంతా గరుకు. ఇహ మా బావేమో నగల దుకాణంలో రాళ్ళు పొదిగేవాడు. సన్నగా ఉండేవాడు, కంటికి ఆ చిన్న భూతద్దం పెట్టీ పెట్టీ ఒక కన్ను ఎప్పుడూ చికిలించినట్టే ఉండేది. తన చిన్న ఉలులకు పదును పెట్టించుకోడానికి మా కొలిమికి వచ్చేవాడు. ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు కాస్తా రోజూ రావడం మొదలుపెట్టాడు. 'ఏమయ్యా, ఆ ఉలులతో బండలు పగలగొడుతున్నావా ఏం?' అనేవాడు పెదనాన్న, ఏమీ తెలియనట్టు. వీపు మాత్రం మొదటిరోజే చరిచి చూసుకున్నాడు. 'సన్నంగా ఉన్నాడు గానీ డొల్ల కాదు' అన్నాడు. ఆ మాటతోనే సగం పెళ్ళి అయిపోయినట్టు.

మిగతా సగానికే వచ్చింది చిక్కు. అక్కకు పెట్టే ఉంగరంలో లోపల ఈగ కాలంత మచ్చ కూడా ఉండకూడదని బావ పట్టుదల. దుకాణానికి వచ్చిన ప్రతి రాయీ వెలుతురుకు పట్టి చూడటం, ఇందులో పొగలాగా ఉంది, అందులో ఈకలాగా ఉంది అని పక్కన పెట్టడం. అక్క విసిగిపోయింది. 'మచ్చ లేని రాయి దొరికేసరికి నా మొహం నిండా ముడతలొస్తాయి, అప్పుడు ఆ అద్దం పెట్టి నన్ను చూడకు' అంది. ఆఖరికి దొరికింది. తన బాబాయిని వెంటబెట్టుకుని తెచ్చాడు. తెల్ల కాగితం పొట్లం విప్పితే మధ్యలో నీటి చుక్కలాంటి రాయి, ఒక వైపు గుండ్రం, ఒక వైపు మొన. ఇంకా ఉంగరంలో పొదగలేదు. మాకందరికీ కంటి అద్దం పెట్టి చూపించాడు. నిజమేరా, ఏమీ లేదు లోపల.

పెదనాన్న అద్దం పెట్టుకోలేదు. పొట్లం అరచేతిలో పట్టుకుని, 'వజ్రం కంటే గట్టిది లేదంటారు, అంతేనా?' అని అడిగాడు. 'అంతేనండీ' అన్నాడు బావ, ఉత్సాహంగా. పెద్దమ్మ మంచినీళ్ళిస్తుంటే అందుకోడానికి ఇటు తిరిగాడు. అంతే. అటు పెదనాన్న రాయిని దాకలి మీద పెట్టాడు, ఇనుము పెట్టి సాగగొట్టే ఆ పెద్ద దిమ్మ మీద. ఠంగుమని ఒక్కటిచ్చాడు. రెండు ముక్కలూ కాస్త రవ్వా అయింది. 'గాజు' అన్నాడు పెదనాన్న. 'అబద్ధం పట్టుకొచ్చినవాడికి నా పిల్లనివ్వను.' బావ బాబాయి లేచి నిలబడ్డాడు, 'మమ్మల్ని దొంగల్ని చేశాక ఈ ఇంట్లో ఇంకేం పని, పదరా' అని. బావ కదల్లేదు. నీళ్ళ గ్లాసు అలాగే పట్టుకుని, 'అది గీత పడని గట్టిదండీ, దెబ్బ తట్టుకునే గట్టిది కాదు, కట్టెకున్నట్టు దానికీ లోపల నార ఉంటుంది, నార వెంట తగిలితే చీలిపోతుంది' అని ఏదో చెబుతున్నాడు పాపం. వింటేగా. 'గట్టిదంటే దెబ్బకు నిలిచేది' అంటాడు పెదనాన్న. అంతకుమించి ఆయనకు తెలియదు.

అప్పుడు లేచింది అక్క. ఎవరి పక్షం పడుతుందోనని చూస్తున్నాను నేను. ఏ పక్షమూ పట్టలేదు. గూట్లోంచి పెదనాన్న ఆకురాయి తీసింది. దాన్ని గీకగలిగింది ఇంకా పుట్టలేదని అందరి దగ్గరా చెప్పుకునేవాడు ఆయన. పట్టకారుతో వజ్రపు ముక్క పట్టుకుని, ఆ ఆకురాయి పక్క భాగం మీద బర్రున లాగింది. తెల్లటి గీత పడింది. తండ్రి ముందు పెట్టింది. ఆయన వేలితో రుద్దాడు, పోలేదు. ఉమ్ము తడి చేసి రుద్దాడు, పోలేదు. 'నాన్నా, ఈ ఆకురాయి గట్టిదా కాదా?' అంది. 'గట్టిది కాకపోవడమేమిటే' అన్నాడు. 'అయితే దాకలి మీద పెట్టి ఒక్కటివ్వనా?' 'నీకేమన్నా పిచ్చా, విరిగిపోతుంది' అన్నాడు. అనేసి ఆగాడు. ఆయన మాట ఆయనకే వినపడింది. సుత్తి వంక చూశాడు, బావ వంక చూశాడు. 'మరి ఆ ముక్క ముందే చెప్పొద్దుటయ్యా' అన్నాడు. 'అడిగితే చెప్పేవాణ్ణి మామయ్యా, మీరు కొట్టారు' అన్నాడు బావ. అప్పటిదాకా 'అండీ' అన్నవాడు, ఆ కంగారులో 'మామయ్యా' అనేశాడు. బాబాయి ముందు నవ్వాడు. తర్వాత పెద్దమ్మ. ఆ పైన ఇంక ఎవరు ఎవర్ని ఆపగలరు, మా ఇంట్లోంచి మా అమ్మ పరిగెత్తుకొచ్చింది ఏమైందోనని.

పగలగొట్టింది నేను, రాయి నేనే కొంటానన్నాడు పెదనాన్న. ముక్కలా? పెద్ద ముక్కను ఇనుప కమ్మీ చివర బిగించి ఇచ్చాడు బావ, సానచక్రం గుంటలు పడితే చదును చేసుకోడానికి. అంత గొప్ప పనిముట్టు ఏ కొలిమిలో ఉందో చూపించమని వచ్చినవాళ్ళందరితో పందేలు కాసేవాడు పెదనాన్న. దుకాణానికి మేమందరం వెళ్ళాం. బావ మళ్ళీ మచ్చ లేనిదాన్నే వెతుకుతుంటే అక్క అడ్డం పడింది. 'చేతులతో పని చేసుకునేదాన్ని, నాకు మొన వద్దు, ఎత్తు వద్దు. చీలిక అంచుదాకా పాకనిది చూడు చాలు' అంది. కడుపులో ఆవగింజలో పదో వంతు నల్లచుక్క ఉన్న గుండ్రటి రాయిని ఏరుకుంది. 'మచ్చ' అన్నాడు బావ, ఏడుపు మొహంతో. 'ఉండనీ. ఎవరన్నా మార్చేస్తే నాదేదో తెలుస్తుంది' అంది. చుట్టూ బంగారం అంచు కట్టి, వేలికి అంటిపెట్టుకున్నట్టు పొదిగాడు. దాంతోనే జీవితమంతా రంపాలు అరగదీసింది, రాయి ఒక్కనాడు కదల్లేదు.

పొదగకముందు పెదనాన్నకు అద్దం ఇచ్చారు, ఈసారి కాదనలేదు. పెట్టుకున్నాడు. ఎంతసేపటికీ తియ్యడే. వెనక జనం నిలబడ్డారు, పెద్దమ్మ మోచేత్తో పొడుస్తోంది. 'చప్పుడు లేకుండా ఇంత వెలుగేమిటే దీంట్లో' అన్నాడు. అక్క ఆ రాయిని తీసి గాజుబల్ల మీద ఆయన ముందు పెట్టి, 'కొట్టి చూస్తావా నాన్నా?' అంది. అంత మనిషీ, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒక దాంతో ఒకటి గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

ఊఁ.

లే, వెళ్ళి ఆ కిటికీ తలుపు వేసిరా, ఎండ పడుతోంది.