జోతిమణి ఎవరు?

కోయంబత్తూరులో ఒక ఆస్పత్రి వరండా. లోపల ఎనిమిదేళ్ల పిల్లకు కడుపు ఆపరేషను. బయట తండ్రి దురైసామి, మిల్లు నుంచి నేరుగా వచ్చినవాడు. పక్కన తల్లి రామాయి.

“ఎందుకు మామా అట్ల తిరుగుతావు? వచ్చి కూచో.”

“కూచోనే ఉండా కదా.”

“ఏడ కూచోనుండావు? ఆ తలుపు కాడికి పోతావు, వస్తావు, మళ్లా పోతావు. తలంతా మిల్లు దూది, తుడుచుకో.”

“ఉండనీలే. ఇంతసేపా రామాయీ? చిన్న ఆపరేషనే అనిరే.”

“నన్నడిగితే? మామా, ఒగటి చెప్పు. పిల్లను లోపలికి తోసుకొని పోయినాక, ఆ నర్సమ్మ ఏమని పేరు చెప్పె?”

“ఏమో. కాపీ తాగుతావా?”

“కాపీ వద్దు. జోతిమణి అనె. నేను విన్నా.”

“వేరే పిల్లేమో.”

“లోపల ఉండేది మన పిల్ల ఒగతే. నా మొగం చూసి చెప్పు. మన కుప్ప పేరు మార్చినావా?”

“సేర్చుకొనేటప్పుడు పేరడిగిరి. నువ్వు పిల్లనెత్తుకొని బయట ఉండావు. కుప్పమ్మాళ్ అంటే నవ్వుతారని…”

“నవ్వితే?”

“జోతిమణి అంటి. నోటికి వచ్చె, అంటి.”

“అయ్యో సామీ! ముందు పుట్టిన ఇద్దరికీ ముత్తు అనీ, రత్నం అనీ ఆశగా పేర్లు పెడితిమి. ఇద్దరూ నిలిచిరా? అందుకే కదా దీన్ని పుట్టంగానే చెత్తకుప్పలో వేసి, చేటలో ఎత్తుకొనొచ్చి, కుప్ప అంటిమి? యముడు కూడా వద్దని తిరిగి పోవాలని కదా ఆ పేరు! కత్తి కింద పండుకొనే పొద్దే దాన్ని తీసేస్తివే!”

“అరవకు. అందురూ చూస్తా ఉండారు.”

“చూడనీ!”

“నా బిడ్డకు ఒగ నాడన్నా మంచి పేరు ఉండనీ అనుకొంటి రామాయీ. అది తప్పా?”

“నాకు బయ్యంగా ఉండాది మామా.”

“నాకు లేదా?”

“జోతిమణి అప్పా యారు? సీక్కిరం వాంగ!”

“నేనే సిస్టర్, జోతిమణి నాయన నేనే! వస్తి, వస్తి. ఏమాయె?”

“ఆపరేషన్ నల్లా ముడింజుదు. ఆనా పొణ్ణు కణ్ణు తొరక్కలే…”

“ఏమంటాది? ఏమంటాది మామా?”

“ఆపరేషను బాగనే ముగిసెనంట. మత్తు దిగే వేళ దాటిపాయనంట. జోతిమణీ, జోతిమణీ అని చెంప తట్టి పిలుస్తా ఉండారంట. కన్ను తెరవలేదంట.”

“పాయ! నా బిడ్డ పాయ!”

“నోరు మూయి! జరుగు సిస్టర్, నన్ను లోపలికి పోనీ… కుప్పా! కుప్పమ్మా! నా బంగారు కుప్పా! నాయన వచ్చినా, చూడు! ఎవురన్నా నవ్వనీ, నువ్వు లే! కుప్పా!”

“కుప్పా! తల్లీ!”

“ఊఁ… ఏమి నాయనా, అట్ల అరుస్తావు?”

“తెరిచె! కన్ను తెరిచె రామాయీ!”

“ఇంతసేపు పిలిస్తే ఏలనే పలకలేదు కన్నా?”

“నన్నెవురు పిలిచిరి? ఎవురో జోతిమణిని కదా పిలుస్తా ఉండిరి… ఆ పిల్ల ఇంకా లేయలేదా నాయనా, పాపం?”