తిరుపతి గుండు

"తాతా, నువ్వు పనికని మొట్టమొదట మద్రాసుకు పోయినప్పుడు చేతిలో ఎంత ఉండె?"

ఎనభై అయిదు రూపాయలప్పా. మా అమ్మ మేకను అమ్మి ఇచ్చింది. ఎనభై అయిదూ మేకది కాదులే, మేకకు డెబ్బై వచ్చె. తక్కిన పదహైదు మా నాయన అమ్మకు తెలీకుండా నా జోబీలో పెట్టినాడు. యాడ దాచిపెట్టినాడో ఏమో, ఆ నోట్లకు బీడీల వాసన. పుత్తూరు టేసన్లో టికెట్టుకు నాలుగున్నర పోయె. ఎనభైన్నరతో సెంట్రల్లో దిగినా. లెక్కల్లో నేను గట్టిలే నైనా. నువ్వు ఫోన్లో కొట్టి చూసేలోపల నేను నోటితో చెప్తా, చూస్తావా? నువ్వు ఫారం రాస్తా ఉండే ఈ తిరుపతి ఆస్పత్రి వాచ్‌మెన్ పనికి నెలకు పదకొండు వేలన్నారు గదా. రోజుకు మూడొందల అరవై ఆరు. పన్నెండు గంటల డ్యూటీ, అంటే గంటకు ముప్పై చిల్లర. చూసుకో కావాలంటే.

ఆ ఫారం కొంచేపు పక్కన పెట్టప్పా. ముందర యాడ పని చేసినావు అని ఒక గడి ఉండాదన్నావే, దాంట్లో ఏం రాయాల్నో తెలియాలంటే ఇదంతా చెప్పాల్సిందే. నీ అంగడికి జిరాక్సుకని వేరే గిరాకీ వస్తే చెప్పు, నిలిపేస్తా.

అంబత్తూరులో ఒక కంపెనీ. పేరెందుకులే, ఇప్పుడు అది లేదు, ఆ జాగాలో అపార్ట్‌మెంట్లు లేచినాయంట. లేతు మిషన్ కాడ హెల్పరు పని. ఒక రూములో మేం తొమ్మిది మంది, అంతా మన పక్కోళ్లే, పూతలపట్టోడు ఒకడు, ఏర్పేడోళ్లు ఇద్దరు. మునిరత్నం అని మన పుత్తూరోడే, నాకు పని సూపించింది వాడే. క్యాజువల్‌కు రోజుకు తొమ్మిది రూపాయలు. ఇరవై ఆరు దినాలకు ఇన్నూట ముప్పై నాలుగు, అంటే రెండువందల ముప్పై నాలుగు. పర్మినెంటు అయితే అయిదొందల నలభై! అదే మిషను, అదే పని, అదే నూనె చేతులకు. పేరు ఒకటి మారితే రెండింతలకు పైన. టీ ముప్పై పైసలు, సాపాడు, అదే అన్నం, రెండు రూపాయలు ఆ పొద్దు. అయిదొందల నలభై అంటే, నైనా, మా ఊర్లో పంతులుకు కూడా లేదు.

అయితే ఒక కట్టు ఉండె. రెండువందల నలభై దినాలు విడవకుండా చెయ్యాల. ఆదివారాలు, కంపెనీ వాళ్లు ఇచ్చే సెలవలు పోతే పర్వాలేదు, నీ అంతట నువ్వు నిలిచిపోతే మటుకు మళ్లా ఒకటి నుంచి. అందరూ నోటితో చెప్పుకునేవాళ్లు, నేను మాత్రం నా రేకు పెట్టె మూతకు లోపల సుద్దముక్కతో గీతలు గీసుకుంటా వచ్చినా. అయిదు గీతలకు ఒక అడ్డగీత. జొరం వచ్చినా పోయినా. ఒకసారి చెయ్యి కోసుకునింది, గుడ్డ చుట్టుకుని పోయినా. రూములో నన్ను 'గీతల సామి' అని ఎగతాళి చేసేవాళ్లు. "ఏం గీతల సామీ, ఇంకెన్ని దినాలకు నీకు పిల్లనిస్తారు?" అని.

మా నాయన మద్రాసు చూసింది లేదు. జాబు రాయిస్తే ఒకటే మాట, 'నువ్వు పర్మినెంటు అయినాక చెప్పు, నేను వచ్చి ఆ గేటు చూసి పోతా' అని. గేటు చూసేదానికి ఏముండాది చెప్పు. అయినా ఆయప్పకు అదొక ఆశ. కొడుకు లోపలికి పోతా ఉంటే బయట నిలబడి చూడాలని.

ఇన్నూట ఇరవయ్యొకటో దినం పని చేసి రూముకొస్తే, మునిరత్నం మెట్ల మీద కూర్చోనుండాడు. చేతిలో తంతి. తంతి అంటే నీకు తెలుసునా? టెలిగ్రాం. ఇంగ్లీషులో మూడే మాటలు. వాడు దాన్ని నాకిచ్చి పక్కకు తిరుక్కున్నాడు.

నాయన పోయినాడు. చెనిక్కాయలు పీకతా పీకతా, కయ్య గట్టు గెనిమ మీద కూర్చున్నాడంట. దప్పికయితా ఉండాది, నీళ్లు తెమ్మన్నాడంట. అమ్మ చెంబు తీసుకోని వచ్చేలోపల... అంతే. నలభై ఎనిమిదేండ్లు. ఇప్పుడు నాకు అరవై ఎనిమిది. నాయన కంటే ఇరవై ఏండ్లు పెద్దోన్ని అయిపోయినా నేను.

అట్లనే రైలెక్కేసినా. కంపెనీలో చెప్పలేదు, రాయలేదు. మునిరత్నాన్ని చెప్పమన్నా. వాడూ క్యాజువలే గదా, సూపర్‌వైజరు ముందర గట్టిగా మాట్లాడాలంటే భయం. 'ఊరికి పోయినాడు సార్' అనింటాడు, అంతకు మించి అనింటాడని నాకు నమ్మకం లేదు. వాన్ని నేను తప్పు పట్టను.

పన్నెండు దినాలు. పదకొండో దినం కర్మ చేసి గుండు కొట్టించినారు, మీసాలు కూడా తీసేసినారు. బయల్దేరేటప్పుడు అమ్మ చూసింది, ఎండకు నెత్తి మాడిపోతుందని ఇంత గంధం అరగదీసి పూసింది. పాపం ఆయమ్మ మంచికే చేసింది.

ఇప్పుడు చూడు, ఏం జరిగిందో. నేను గేటు కాడికి పోయేటప్పటికి ఆ పొద్దు కంపెనీలో సంబరం. కొత్త మిషను దిగింది, పూలు వేసి, నిమ్మకాయలు పెట్టి, పూజకు అంతా నిలబడి ఉండారు. నున్నటి గుండు, దాని మీద గంధం, మనిషి తిరుపతి పక్కోడు. వాచ్‌మెన్ నన్ను చూసి రెండు చేతులూ ఎత్తి "గోవిందా!" అని అరిచినాడు. ఆ మాట విని లోపలుండే నూరు మందీ "గో...వింద!" అనిరి.

నైనా, నువ్వు విన్నావో లేదో, మన పక్క పాడె ఎత్తినప్పుడు కూడా అదే మాట గదా అనేది. పన్నెండు దినాల ముందర మా నాయన్ని మోసుకోని పోతా నేను విన్న మాట అది.

సూపర్‌వైజరు సుందరం సారు, అరవాయన, గుండును మొట్టై అంటాడు, శానా భక్తి. పరిగెత్తుకుంటా వచ్చినాడు. "ఏమప్పా, తిరుపతి మొట్టై! చెప్పకుండా పోయి స్వామిని చూసేసి వచ్చినావా? లడ్డు యాడ?" అని నవ్వతా నా గుండు ముట్టి కండ్లకద్దుకున్నాడు.

అప్పుడు చెప్పి ఉండాల. నోట్లోకి వచ్చింది కూడా. కానీ నా బుర్ర లెక్క వేసేసింది. సావు మైల అంటే పూజ కాడ నిలవనీరు, బయటికి పంపిస్తారు, ఇంకా నాలుగు దినాలు ఆగి రమ్మంటారు. ఇప్పటికే పన్నెండు పోయినాయి. పదహారు అయితే ఏం గతి? ఆ లెక్క చూసుకోని, నేను నవ్వినా. మా నాయన పోయిన పదమూడో దినాన నవ్వినా అప్పా.

"లడ్డు రూములో ఉండాది సార్, రేపు తెస్తా" అన్నా.

యాడుండాది లడ్డు? పని అయినాక టేసను కాడ మిఠాయి అంగట్లో బూందీ లడ్డు కొన్నా, ముక్కాలు రూపాయి. అంగడి లడ్డు మాదిరి ఉండకూడదని కొంచెం నలిపి, పాత పేపర్లో చుట్టినా. చూడు, ఎంత తెలివో! సారు దాన్ని నెత్తి మీద పెట్టుకోని, ఒక చిటికెడు నోట్లో వేసుకోని, తక్కింది మడిచి జోబీలో పెట్టుకున్నాడు. "మా పాపకప్పా, ఆరేండ్ల పిల్ల, ఫిట్స్ వస్తా ఉంటాది" అన్నాడు.

నేను మిషన్ కాడికి పోయినా. సారే నవ్వతా లోపలికి రానిచ్చినాడు గదా, నా దినాలు కొట్టేయరులే అనుకోని గీతలు మళ్లా గీస్తా వచ్చినా. ఇన్నూట ఇరవై రెండు, ఇరవై మూడు... పంతొమ్మిది దినాలకు ఇన్నూట నలభై అయిపోయె.

పేర్ల పట్టీ గోడకు అంటించినారు. పద్నాలుగు పేర్లు. మునిరత్నం పేరు ఉండాది. నాది లేదు. రెండుసార్లు చదివినా, కింద నుంచి పైకి కూడా చదివినా. టైమాఫీసులో అడిగితే గుమాస్తా పుస్తకం తిప్పి చూపించినాడు. "సొంత పనికి నిలిచిపోయినావు గదా. ముందరవన్నీ కొట్టేసినారు. నీకిప్పుడు పంతొమ్మిది" అన్నాడు. నా పెట్టె మూతలో ఇన్నూట నలభై, వాళ్ల పుస్తకంలో పంతొమ్మిది.

సుందరం సారు నన్ను పక్కకు పిలిచినాడు. ఆయనకు నిజంగా బాధ. "నీకోసం మేనేజరు కాడ వాదించినాను రా. ఇంట్లో సావు అని ఉంటే ఆయన ఒప్పుకుంటాడు, దినాలు కలిపేస్తాడు. వారానికొకడు లీవు కోసం వాళ్ల నాయన్ని చంపతానే ఉండాడు ఈ కంపెనీలో. కానీ నువ్వు స్వామి సన్నిధికి పోయి వచ్చినోడివి. నీచేత బతికుండే నాయన్ని చంపించి ఆ పాపం నేను మూటగట్టుకోలేనప్పా" అన్నాడు. అనేసి, "నీ లడ్డు తిన్నప్పట్నుంచి మా పాపకు ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు, తెలుసునా? పంతొమ్మిది దినాలు!" అని కండ్లు తుడుచుకున్నాడు.

ఆ తంతి నా జోబీలోనే ఉండె. చొక్కా జోబీలో, ఈడ. చెయ్యి పెట్టి తీస్తే చాలు. 'సార్, మా నాయన నిజంగానే పొయ్యె' అని ఒక్క మాట. తీస్తే నా ఇన్నూట ఇరవయ్యొకటీ నాకొస్తాయి. కానీ ఆ లడ్డు అంగడి లడ్డు అయిపోతుంది. ఆ పాపకు...

నేను తియ్యలేదు. మంచోడినని కాదు నైనా, నన్నట్ల అనుకోవద్దు. సగం ఆ పాప కోసం, సగం సిగ్గు. ఏది ఎంత పాలో ఈ లెక్క మాత్రం నాకు ఇప్పటికీ తేలలేదు.

మళ్లా ఒకటి నుంచి మొదలుపెట్టినా. తొంభై దాటినాక ఆర్డర్లు లేవని క్యాజువలోళ్లనందరినీ నిలిపేసినారు. ఆ తర్వాత చిన్న చిన్న లేతు షాపులు, యాడ గానీ ఏడాది నిలిచింది లేదు. తర్వాత ఈడికే, పుత్తూరుకొచ్చి మగ్గాల కాడ, సినిమా హాల్లో, రేణిగుంటలో గోడౌన్లో... పని లేకుండా ఇంట్లో కూర్చున్న నెలలు లెక్కేస్తే పని చేసినవాటికి సరిపోతాయేమో. మునిరత్నం రిటైరైనాడు. వాడికి వచ్చిన దుడ్డుతో మిద్దె కట్టుకున్నాడు, నెలకింత పింఛనీ వస్తాది. కనిపిస్తే టీ తాపిస్తాడు. మంచోడు. నేనే ఆ వీధిలో పోయేది తక్కువ.

సుందరం సారును మళ్లా చూడలేదు. ఆ పాప ఎట్లుందో. పెండ్లయి, పిల్లలు పుట్టి ఉంటారు. ఫిట్స్ మళ్లా వచ్చినాయో లేదో అడిగే ధైర్యం నాకు ఏ పొద్దూ లేకపోయె.

మా నాయన పోయినాడని నేను ఆ ఊర్లో ఎవరికీ చెప్పలేదు. మునిరత్నానికి తప్ప. ఆ కంపెనీలో నూరు మందికి మా నాయన బతికే ఉండాడు. ఒక్కరు కూడా 'అయ్యో' అనలేదు ఆయనకు. అననియ్యకుండా చేసింది నేనే గదా.

ఆఁ, సరే. రాద్దువు రా. ముందర చేసిన పని అనే గడిలో లేతు హెల్పరు అని రాయి, చాలు. వయసు అరవై అని రాయమని ఈ పని సూపించిన ఏజెంటు చెప్పినాడు గానీ, వద్దు, అరవై ఎనిమిదే రాయి. తీసుకుంటే తీసుకుంటారు, లేకుంటే లేదు. మా ఆడామెకు మాత్రలకే నెలకు రెండు వేలు, అది వేరే కథ.

తండ్రి పేరు అని ఉండాదా? చెంగల్రాయుడు. ఆగాగు, పేరుకు ముందర 'లేటు' అని రాయప్పా. రాసినావా? ఏదీ, సూపించు... ఆఁ. బాగుండాది నీ రాత.

నువ్వు సల్లగుండాల నాయనా. ఈ అంగడి నీది, ఈ మిషన్లు నీవి, నిన్ను ఒకటి నుంచి మొదలుపెట్టమనేవాడు లేకుండా ఉండాల. ఆ కాగితాన్ని మడవకుండా ఇయ్యి. రేపు పొద్దున ఆరు గంటలకు తిరుపతి బస్సు. ఆ ఆస్పత్రి గేటు కాడ ఏడున్నరకల్లా నిలబడాలన్నారు...