ఒక్కపొద్దు కోడలు

"జేజీ, నువ్వు చిన్నప్పటి నుంచీ వెజిటేరియనేనా? అప్పట్లో మీలాంటోళ్ళను ఏమనేటోళ్ళు?"

ఏమంటారు మే, ఏమీ అనేటోళ్ళు కాదు. ఇప్పుడు నువ్వు వెజ్జంటావు, మీ యమ్మ శాకాహారమంటాది, మొన్న నీ స్నేహితురాలొకతె వచ్చి పాలు గూడా తాగనని ఇంకేందో పేరు చెప్పె... ఆ, వీగను. నా నోట్లో నిలవదు ఆ మాట. మా కాలంలో పేరు యాడిది? ఏడాది పొడుగునా అందరూ తినేది జొన్నరొట్టె, కొర్రసంగటి, గోగాకు ఊరిబిండి. సియ్యలు, అదే మాంసం, అనేటివి సుట్టాలొస్తేనో, లేకుంటే దేవరకో. తినేటోళ్ళే లేకుంటే తిననోళ్ళకు పేరెందుకు పెడతారు, నువ్వే చెప్పు.

నాకు మాత్రం మొదటి నుంచీ నోటికి పడదు. ఆ వాసనకే కంచం పక్కకు నూకుతాంటి. మా పత్తికొండలో... పత్తికొండంటే పత్తికొండ కాదులే, దాని పక్కన పల్లె... మా యన్నలు "ఏమే శెట్టమ్మా, నీ సియ్య గూడా ఇట్ల తే" అని నా కంచంలోది ఎత్తుకోని తింటాండ్రి, శెట్లు మాంసం ముట్టరు గదా, అందుకని ఆ పేరు. నాకూ నవ్వే. పుట్టినింట్లో ఏం భయముంటాది.

భయమంతా కోడుమూరు పక్క ఈ ఊరికి కోడలిగా వచ్చినాకనే. మీ జేజినాయన మంచోడే, కాదనను. కానీ పొద్దున్నే ఎద్దులు కట్టుకోని చేనికి పోతే మళ్ళ మాపటికి వస్తాండె, ఇంట్లో సంగతి ఆయప్పకేం తెలుసు? నేనొచ్చిన ఏడే ఊరి తల్లి సుంకులమ్మకు దేవర చేసిరి. దేవరంటే ఇప్పట్లాగా మైకులు, బ్యానర్లు కాదు. తల్లికి పొట్టేలు కోసి ఇంటింటికీ వాటా పంచుతారు. వాటా తెచ్చుకున్న ఇంట్లో పిల్లాపెద్దా అందరూ తినల్ల. ఒక్కరు తినకున్నా తల్లికి కోపమొస్తాది, వాన రాదు. కొత్త కోడలైతే మరీ, అందరి కండ్లూ ఆమె మీదనే.

నాకు కంటికి నిద్ర లేదు. ఇంగ ఓర్చుకోలేక రొట్టెలు తడతాంటే మా యత్తతో చెప్తి. ఆయమ్మ చెయ్యి ఆపి నన్ను చూసె. "బోధ తీసుకున్నావా?" అనె. గురువు కాడ బోధ తీసుకున్నోళ్ళు అప్పట్లో మాంసం వదిలేస్తాండ్రి. లేదత్తా అంటి. "శనివారాలు పట్టినావా?" లేదత్తా. "మరేంది?" నోటికి పడదత్తా, అంతే. ఆయమ్మ రొట్టె పెనం మీద ఏసి, దాన్ని తిప్పేదే మర్చిపాయె. రొట్టె మాడిపోయె గూడా. అప్పుడనె, "నోటికి పడదంటే ఊరు వినదు. నువ్వు పిల్లల కోసం మొక్కుకోని ఒక్కపొద్దు ఉండావు, నీసు ముట్టవు. ఎవరడిగినా అదే చెప్పు" అని.

చెప్తి. అందరూ నమ్మిరి. ఒక్కపొద్దు కోడలని నాకు పేరే వచ్చె. హమ్మయ్య అనుకుంటి. అదే చూడు, అట్ల అనుకోకూడదు ఎప్పుడూ.

ఆ ఏడు వాన మొగం చాటేసె. ఏసిన శెనక్కాయ బుడ్డలు భూమిలోనే మాడిపాయె. నేను బావి కాడికి పోతే ఆడోళ్ళు మాట ఆపేస్తాండ్రి. కడవ ముంచుకోని ఎట్ల ఇల్లు చేరుతానో నాకే తెలీదు. అప్పటికి మీ నాయన నా కడుపులో ఉండాడు. ఇంగ మీ జేజినాయన మేనత్త ఒకామె, పక్క వీధి ఆమె, ఇంటికొచ్చి కూర్చునె. "కడుపు పండింది గదా, మొక్కు తీరింది గదా, ఇంగ ఒక్కపొద్దు ఎవరి కోసం?" అనె. ఆ మాట ఊరి పెద్దల దాకా పాయె. పెద్దోళ్ళు తేల్చి చెప్పిరి. తల్లికి ఇంకో పొట్టేలు కోస్తారు, కోడలు అందరి ముందర తినల్ల, లేకుంటే పుట్టినింట్లో వదిలిపెట్టి రావల్ల.

కడుపుతో ఉన్న దానికి మామూలు బువ్వే నిలవదు. ఇంగ అది తిని, తల్లి ముందర కక్కుకుంటే? తినకపోవడం కంటే పెద్ద పాపం గదా అది. గుడి ముందర వరసగా కూర్చోబెట్టిరి. ఆ మేనత్తే వడ్డించె, వడ్డించి నా ఎదురుగా నిలబడె. కలిపి ముద్ద నోటి కాడికి తీసుకపోతి. పెదవికి తగిలిందో లేదో, లోపల్నుంచి తన్నుకోని వచ్చె, నోరు గట్టిగా మూసుకుంటి.

నా పక్కన మా యత్త. నా చేతిలో ముద్ద తీసుకుని తన నోట్లో పెట్టుకునె. అట్లనే నా విస్తరి తన ముందరికి లాక్కుని, గబగబా కాదు, నిదానంగా తినె. అత్త కోడలి ఎంగిలి తినేది నువ్వు యాడన్నా చూసినావా? నేనూ చూడలే, ఆ ఊరూ చూడలే. అంతా తిని, చెయ్యి కడుక్కోని, ఆ మేనత్త మొగం చూసి "మా ఇంటి వాటా మా ఇంట్లోనే తిన్యాం. మెతుకు మిగిలిందేమో చూసుకో" అనె. ఆమె గిన్నె ఎత్తుకోని పక్క విస్తరికి పాయె.

వాన వచ్చిందా అంటావా? రాలే. ఆ ఏడంతా రాలే. నన్నెవరూ ఏమీ అనలే గానీ నా భయం నాదే. మబ్బు పట్టి తేలిపోయినప్పుడల్లా నావల్లనేనేమో అనుకుంటాంటి. మీ నాయనకు పాలిస్తా ఒకనాడు అడిగితి, "అత్తా, నావల్లనే వాన రాలేదంటావా?" అని.

ఆయమ్మ చాటలో జొన్నలు చెరుగుతాండాది. తల గూడా ఎత్తలే. "ఏమో, నాకేం తెలుసు. నిన్ను పంపించి తెచ్చుకునే వాన నాకొద్దు" అనె.

...ఏం లేదు మే, కంట్లో ఏదో పడింది. నువ్వు తింటే తిను, తినకుంటే మానుకో, నీకు నచ్చిన పేరు పెట్టుకో. సల్లగా ఉండు. యాడికి పోయినా అట్లాంటి మనిషొకతె నీ పక్కన కూర్చోవల్ల, అంతే...