నీలిమందు నీళ్ళు ఎటు పోయాయి

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న మన పురపాలక సంఘం ఛైర్మన్ గారికి, వేదిక మీదున్న పెద్దలకు, కౌన్సిల్ సభ్యురాలు టీచరమ్మ గారికి, ఈ చిన్న విమానాశ్రయంలో ఎండకూ వానకూ నాతోపాటు నిలబడ్డ మిత్రులందరికీ, మూడో వరుసలో కూర్చుని 'తొందరగా ముగించండి' అని అప్పుడే చేత్తో సైగ చేస్తున్న మా ఆవిడకూ నమస్కారం. (నవ్వులు)

ఇందాకటి నుంచి మాట్లాడినవాళ్ళంతా నన్ను ఆకాశానికెత్తేశారు. ముప్ఫై రెండేళ్ళు విమానాశ్రయంలో పనిచేశాను గానీ ఆకాశానికెక్కడం నాకిదే మొదటిసారి. (నవ్వులు) నా ఉద్యోగమంతా నేల మీదే. పొద్దున్నే మొదటి విమానం రాకముందు రన్‌వే ఈ కొస నుంచి ఆ కొస దాకా నడవాలి. రాయి, పగులు, చచ్చిన పక్షి, నీటి గుంట, ఏది కనబడితే అది పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. అంతే. నన్ను పొగిడిన పెద్దలెవరూ ఒక్క సంగతి ఎత్తలేదు. మర్యాదకు ఎత్తలేదని నాకు తెలుసు. ఎవరూ ఎత్తకుండా ఇంటికెళ్ళిపోతే నాకు నిద్ర పట్టదు కాబట్టి నేనే చెబుతాను.

మూడేళ్ళ కిందట, వానాకాలంలో ఒక పొద్దున, గుండె జబ్బుతో పుట్టిన మూడు రోజుల పసిబిడ్డను పెద్దాసుపత్రికి చేర్చడానికి అంబులెన్సు విమానం వచ్చింది. దిగింది, ఉత్తరపు కొస దాకా బాగానే పరిగెత్తింది, అక్కడ నిలిచిన నీళ్ళలో చక్రాలు జారి గడ్డిలోకి దూసుకుపోయింది. లోపలున్నవాళ్ళకు దెబ్బలు తగల్లేదు. ముందు చక్రం మాత్రం విరిగింది. ఆ బిడ్డ తల్లి అద్దాల గదిలోంచి అంతా చూసింది. నేను లోపలికి పరిగెత్తుకొస్తే నా చెయ్యి పట్టుకుని, "ఇంకో విమానం లేదా అన్నా?" అని అడిగింది. లేదు. బిడ్డను రోడ్డు మీద అయిదు గంటలు తీసుకెళ్ళారు. బిడ్డ బతికింది. ఇప్పుడు ఇల్లంతా పరుగులు పెడుతోందట. కానీ ఆ అయిదు గంటలూ నేనెలా ఉన్నానో మా ఆవిడకు తెలుసు.

విచారణకొచ్చిన అధికారులు పుస్తకం తెరిచారు. ఆ పొద్దున నేను రాసింది ఒకటే మాట: 'మామూలే'. రన్‌వే మామూలుగా ఉంటే తప్పు నడిపినవాడిదే కదా? కెప్టెన్ గారు ఎక్కువ వేగంతో దించారన్నారు, ఆయన్ని విమానం ఎక్కనివ్వకుండా ఆపేశారు. అదిగో, తలుపు దగ్గర నిలబడ్డారు చూడండి. కూర్చోండి కెప్టెన్ గారూ, మీ మీద ఫిర్యాదేం లేదు. (నవ్వులు)

అసలు ఆ గుంట అక్కడెందుకుంది? పదకొండేళ్ళుగా ఏటా తారు పోసి పూడుస్తూనే ఉన్నాం, వాన రాగానే మళ్ళీ నీళ్ళు నిలుస్తూనే ఉన్నాయి. పూడ్చడమే తప్ప, ఎందుకని ఒక్కరమూ అడగలేదు. ఆ ప్రశ్న నాకు చెవిలో జోరీగలా పట్టుకుంది. రన్‌వే పక్క కాలవ మన స్థలం దాటాక భూమిలోకి దిగిపోతుంది. ఎక్కడ తేలుతుందో చూపించే కాగితం ఏ బీరువాలోనూ దొరకలేదు. ఓ వాన రోజు ఇంట్లోంచి నీలిమందు సీసాలు నాలుగు సంచిలో వేసుకుంటుంటే మా ఆవిడ, "తెల్లచొక్కా ఒక్కటీ లేని మనిషికి ఇంత నీలిమందు ఎందుకండీ?" అంది. జవాబు చెప్పకుండా జారుకుని, నాలుగూ కాలవలో వొంపి, నీలం ఎక్కడ తేలుతుందా అని గొడుగేసుకుని వీధులన్నీ తిరిగాను.

అరగంట తర్వాత బడి ముందు నుంచి ఓ కేక. "ఎవరండీ మా గదులన్నీ నీలం చేసింది?"

టీచరమ్మ గారు! చీపురు చేత్తో పట్టుకుని, చీలమండల దాకా నీలం నీళ్ళలో నిలబడి ఉన్నారు. (నవ్వులు, చప్పట్లు) కౌన్సిల్లో విమానాశ్రయానికి నిధులు వద్దని రెండుసార్లు చెయ్యెత్తింది ఈవిడే. 'విమానాలంటే గిట్టని మనిషి' అని వెనకాల మేమెన్ని మాటలన్నామో! ఆ రోజు లోపలికి పిలిచి చూపించారు. తడిసి ఉబ్బిన బల్లలు, కింది అంచులు నానడంతో గోడకి ఎత్తికట్టిన పటాలు. "ఏటా ఇంతేనండీ. నేల బాగుచేయమంటే డబ్బు లేదంటారు. మళ్ళీ విమానాలకు అడుగుతారు. నేనేం చెయ్యను చెప్పండి?" అన్నారు.

ఇద్దరం కలిసి ఆ నీళ్ళ వెంట వెనక్కి నడిచాం. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కింద ఉన్న పాత తూమును మట్టితో మూసేశారు. దారి లేని నీళ్ళు సగం బడిలోకి, సగం వెనక్కి తన్ని మా రన్‌వే మీదికి. మేం తారు అడుగుతూ, వాళ్ళు సిమెంటు అడుగుతూ, ఇన్నేళ్ళూ ఒకే నీళ్ళ గురించి పోట్లాడుకున్నాం.

అప్పుడే ఆవిడకు 'మామూలే' సంగతి చెప్పాను. గుంట ఆ పొద్దున కూడా చూశాను, దాన్ని దాటుకునే నడిచాను, అయినా అలాగే రాశాను. రాసి రాసి కంటికి అలవాటైపోయింది.

"ఇది సభలో చెబుతారా?" అన్నారు.

"చెబితే నా ఉద్యోగం పోతుందమ్మా."

"చెప్పకపోతే కెప్టెన్ గారిది పోతుంది."

ఛైర్మన్ గారూ, ఆ సభ మీకు గుర్తుండే ఉంటుంది. విమానాశ్రయం మూసేద్దామా అన్నది ఆనాటి చర్చ. "రోజుకు నాలుగు విమానాలు దిగేచోటికి ఇంత ఖర్చేమిటయ్యా?" అన్నది తమరే. (నవ్వులు) పైనుంచి నిధులు రావాలంటే ముందు మన పురపాలక సంఘం తన వాటా వెయ్యాలి. నేను లేచి, పదకొండేళ్ళ పుస్తకాలు బల్ల మీద పెట్టి, గుంట ఎప్పటినుంచి ఉందో, నేను ఏం చూసి ఏం రాశానో చెప్పాను. అప్పుడు టీచరమ్మ గారు లేచి, "తూము, రన్‌వే, దీపాలు, కంచె, అన్నీ ఒకే పనిగా చేయాలని నేను ప్రతిపాదిస్తున్నాను" అన్నారు. ఓట్లు సరిసమానమయ్యాయి. ఛైర్మన్ గారు కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీసి, చివరికి ప్రతిపాదన వైపే చెయ్యెత్తారు. ఎందుకెత్తారో ఇప్పటికీ నాకు తెలియదు. వెళ్ళే ముందు చెబితే విని సంతోషిస్తాను. (నవ్వులు, ఛైర్మన్ గారు తల అడ్డంగా ఊపారు) సరే, వద్దులెండి.

నాకు రెండేళ్ళు జీతం పెంచలేదు. అది న్యాయమే. కెప్టెన్ గారు మళ్ళీ విమానమెక్కారు. మొదటిసారి నాకెదురుపడ్డప్పుడు ఆయన పలకరించలేదు, రెండోసారీ పలకరించలేదు. అదీ న్యాయమే అనుకున్నాను.

పనులు పూర్తయి కిందటి నెల మొదటి పెద్దవాన పడింది. అంబులెన్సు విమానం వస్తోందని కబురొచ్చింది. నేను వెళ్ళి ఉత్తరపు కొసన నిలబడ్డాను. విమానం దిగింది, పరిగెత్తింది, నెమ్మదించింది, మలుపు తిరిగింది. రోగిని ఎక్కించుకోవడానికి పావుగంట పడుతుందట. ఆలోగా కెప్టెన్ గారు వానలో నా దగ్గరికి నడిచొచ్చారు.

"ఇక్కడేం చేస్తున్నారండీ?"

"నీళ్ళు ఎంతసేపట్లో పోతాయో చూస్తున్నాను."

ఆయన గొడుగు తెరిచి, సగం నా మీదికి పట్టి, చేతి గడియారం చూడ్డం మొదలుపెట్టారు. నీళ్ళు పోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

ఇంతసేపు ఓపిగ్గా విన్నందుకు, నా తప్పు తెలిసీ నన్ను పనిలో ఉండనిచ్చినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. మా ఆవిడ లేచి నిలబడింది, ఇక నన్నెవరూ ఆపలేరు. సెలవు.